గెనిమ ఎందుకు తెగుతోంది? కుంటలో నీళ్ళెందుకు నిలవవు? చేలో మట్టి, నీరు ఆపే పనుల్లో తిప్పలు, వాటి మరమ్మతు

అనంతపురం వైపు ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టూ. అదైనా పద్ధతిగా పడదు. ఇరవై రోజులు చుక్క రాల్చకుండా ఎండబెట్టి, ఒక్క రాత్రిలో 60, 70 కొట్టేస్తుంది. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే నాలుగు వేల లీటర్ల పైమాటే. ఆ రాత్రి మీ గెనిమ (కోస్తాలో గట్టు అంటారు) మోయాల్సిన బరువు ఎంతో మీరే లెక్క వేసుకోండి.

కింద రాసినవన్నీ వాటర్‌షెడ్డు పనుల్లో (వాన నీళ్ళనూ మట్టినీ ఎక్కడికక్కడ ఆపే పనులు) తిరిగినప్పుడు రైతులు నా దగ్గర పెట్టిన ఫిర్యాదులు. కొన్నింటికి కారణం నేనే. మరమ్మతు మొదలుపెట్టే ముందు ఒక్క పని చేయండి. గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు, పార పట్టుకుని చేలోకి వెళ్ళి నిలబడండి. నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, ఎక్కడ దూకుతున్నాయి అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఎండాకాలంలో పటం ముందేసుకుని వారం కూర్చున్నా అంత తెలియదు.

గెనిమ ఏటా ఒకే చోట తెగుతోంది

మట్టి మంచిది కాదనుకుని అక్కడే ఇంకో రెండు ట్రాక్టర్ల మట్టి పోస్తారు. మరుసటి ఏడు మళ్ళీ అక్కడే తెగుతుంది. తప్పు సాధారణంగా మట్టిది కాదు, మట్టంది. గెనిమను వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో వేయాలి. మనం వేసేది సర్వే రాయి నుంచి సర్వే రాయికి. హద్దు గీసినవాడు వాలు చూసి గీయలేదు కదా. దాంతో గెనిమ పొడవునా ఆగాల్సిన నీళ్ళన్నీ ఒక మూలకు చేరి అక్కడే తోస్తాయి.

మొదట మట్టం చూడండి. ఇంజనీరు అక్కర్లేదు, మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు. గెనిమ వెంట ఇరవై అడుగులకొకసారి గుర్తు పెట్టుకుంటూ పోతే పల్లం ఎక్కడుందో బయటపడుతుంది. హద్దు మార్చలేం కాబట్టి, చేను లోపల మట్టం ప్రకారం ఇంకో చిన్న గెనిమ వేసి, హద్దు గెనిమ మీద పడే బరువు తగ్గించాలి. పల్లంగా ఉన్న చోట రాతితో మరవ (ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే దారి) కట్టాలి. తెలంగాణలో మత్తడి అనేదీ అదే. మరవ లేని గెనిమ నిలిచిందంటే ఆ ఏడు వాన పడలేదనే నా లెక్క. మరవ మీద నుంచి నీళ్ళు పడే చోట కూడా రాళ్ళు పరవాలి. అది వదిలేస్తే కింద గుంత పడి, రెండో ఏటికి మరవే ఒరిగిపోతుంది.

కొలతలు ఎర్ర నేలకు చెప్తున్నాను. అడుగున అయిదున్నర అడుగులు, పైన అడుగున్నర, ఎత్తు రెండడుగులు. కొత్త మట్టి కుంగుతుంది కాబట్టి ఎత్తు మూడు నాలుగు అంగుళాలు ఎక్కువే పోయండి. జేసీబీతో పోయించి వదిలేయకండి, పొరపొరకూ దిమ్మిస కొట్టించండి. మట్టి తీసిన గుంతకూ గెనిమకూ మధ్య కనీసం అడుగు జాగా వదలాలి, లేకపోతే గెనిమ జారి అదే గుంతలో పడుతుంది. తొలి వానకే పైన వెంపలి గింజలో గడ్డి గింజలో చల్లేస్తే వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి.

గెనిమ గట్టిగానే ఉంది, పైరే కుళ్ళిపోతోంది

తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగళ్ళలో ఈ మాట వింటాం. ఎర్ర నేలలో చేసినట్టే అక్కడా నీళ్ళను పూర్తిగా కట్టేస్తే అవి ఇంకవు. వారం రోజులు పైరు మొదట్లోనే నిలబడతాయి. పైగా ఎండకు గెనిమ నెర్రెలు బారుతుంది, తరవాతి వానకు నీళ్ళు ఆ నెర్రెల్లోంచే దారి చేసుకుంటాయి. నల్ల నేలలో నీటిని ఆపకూడదు, నడిపించాలి. గెనిమకు వంద అడుగులకు మూడు నాలుగు అంగుళాల వాలు ఇచ్చి, గడ్డి పెంచిన కాలువలోకి నిదానంగా వదలండి.

గెనిమలు ఉన్నా చేలో మట్టి కొట్టుకుపోతూనే ఉంది

దున్నకం వాలు వెంబడి సాగుతోంది, అంతే. ట్రాక్టరుకు గంట లెక్కన కిరాయి. పొడవాటి సాలు అయితే తిప్పుళ్ళు తక్కువ, అందుకే డ్రైవరు వాలు పొడవునా లాగేస్తాడు. ప్రతి సాలూ ఒక పిల్ల కాలువ అవుతుంది. అరగంట కిరాయి ఎక్కువైనా అడ్డంగా దున్నించండి. వేరుశనగలో పన్నెండు సాళ్ళకొక లోతు సాలు తీయిస్తే వాన నీళ్ళు అందులో ఆగి ఇంకుతాయి. ఇంత చవకైన పని ఇంకోటి లేదు. చవక కాబట్టేనేమో దీనికి రిబ్బను కత్తిరింపులుండవు.

వంకలో పేర్చిన రాతి కట్ట కొట్టుకుపోయింది

వెళ్ళి చూడండి. చాలాసార్లు రాళ్ళు అక్కడే ఉంటాయి, పక్క ఒడ్డు మాత్రం కోసుకుపోయి ఉంటుంది. కట్ట నడుమ ఎత్తుగా, అంచుల్లో పల్లంగా పేర్చితే నీళ్ళు అంచుల వైపే పోతాయి. నడుమ ఒక అడుగు పల్లంగా ఉంచి, రెండు వైపులా ఒడ్డులోకి రెండడుగులు తవ్వి రాళ్ళు దూర్చాలి. పెద్ద రాళ్ళు పైనా, నీళ్ళు దిగే వైపూ రావాలి. ఇంకో సంగతి. పని గుట్ట మీద మొదలుపెట్టి కిందికి రావాలి. కింద చెక్‌డ్యాం ముందు కట్టి, పైన ఏమీ చేయకపోతే రెండేళ్ళలో అది ఇసుక తొట్టి అవుతుంది.

గుట్టల మీది కందకాల్లో కనిపించే తప్పు ఒక్కటే. తవ్విన మట్టి పై వైపు వేస్తారు, మొదటి వానకే అది తిరిగి కందకంలోకి దిగుతుంది. మట్టి కింది వైపు, అడుగు జాగా వదిలి వేయాలి. క్యూబిక్ మీటర్ల లెక్కన కూలి వచ్చే చోట జనం మెత్తని నేల వెతుక్కుని తవ్వుతారు. అందులో వాళ్ళ తప్పేం లేదు, ముందే ముగ్గు గీసి ఇవ్వాల్సింది మనం.

ఫారంపాండు (చేలో తవ్విన కుంట) నిండడం లేదు, నిండితే నిలవడం లేదు

ఇవి రెండు వేరు వేరు జబ్బులు. పది మీటర్ల పొడవు, పది వెడల్పు, రెండున్నర లోతు, పక్కలు వాలుగా తీసిన కుంటలో సుమారు 1,46,000 లీటర్లు పడతాయి. 40 మిల్లీమీటర్ల వానలో పావు వంతు పారిందనుకుంటే ఎకరానికి 40,000 లీటర్లు. అంటే ఒక్క వానతో నిండాలంటే దాదాపు మూడున్నర ఎకరాల నీళ్ళు కుంటలోకి రావాలి. చేను పై మూలలో, "ఇక్కడైతే పంటకు అడ్డం ఉండదు" అని తవ్వించిన కుంట ఎందుకు నిండుతుంది? దాన్ని మార్చలేకపోతే కాలువ తీసి పక్క చేను నీళ్ళయినా మళ్ళించాలి.

నిలవకపోవడం సంగతి వేరు. గరుసు నేలలో నీళ్ళు ఇంకుతున్నాయంటే మీ బోరుకో పక్కాయన బోరుకో మేలే, దాన్ని నష్టం కింద రాయకండి. వాన లేక పైరు వాడే వారంలో ఒక తడి ఇవ్వాలనే తవ్వించి ఉంటే మాత్రం అడుగూ పక్కలూ మూయాలి. ఆరు వంతుల మట్టికి ఒక వంతు సిమెంటు కలిపి రెండంగుళాల మందాన పూయడం మా వైపు నేలల్లో పనిచేస్తుంది. ప్లాస్టిక్ షీటు వేస్తే చుట్టూ కంప నాటండి, మేకల గిట్టలకు అది ఆగదు. ఏది చేసినా నీళ్ళు దిగే చోట ముందొక పూడిక గుంత ఉండాలి. మట్టి చాలావరకు అందులో ఆగుతుంది, ఏటా వేసవిలో తీసి చేలో చల్లుకోవచ్చు.

ఆ బురద నీళ్ళనే నేరుగా బోరు పైపులోకి వదిలేవాళ్ళను చూశాను. ఆ పని అస్సలు చేయకండి. బోరు మూసుకుపోతుంది.

మరవ రాళ్ళు ఎవరో తీసేశారు, లేదా మట్టితో మూసేశారు

ఇది అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టే సమస్య. దీనికి పారతో మందు లేదు. ఒకసారి నేను పై చేను రైతుతో మాట్లాడి మరవ కట్టించాను. నీళ్ళు సరిగ్గా కింది చేలో కొత్తగా విత్తిన కందిలో పడ్డాయి. ఆ కింది చేను రైతు రాత్రికి రాత్రి మరవ మూసేశాడు. నిలదీయడానికి వెళ్తే, "నీళ్ళు నా చేలోకి వదిలేముందు నన్నొక మాట అడిగినావా సార్?" అన్నాడు. అడగలేదు.

మరవ ఎప్పుడూ పాత వంక దారిలోకి తిరగాలి. ఆ దారి దున్నేసి ఉంటే ముందు దాన్ని తెరిపించాలి. కింది రైతు వైపు రాళ్ళు పరిచే పని కూడా మన అంచనాలోనే ఉండాలి, అది ఆయన ఖర్చు కాదు.

కౌలు చేలల్లో చిక్కు ఇంకో రకం. భూమి ఆసామి బెంగళూరులో ఉంటాడు. దున్నేవాడికి వచ్చే ఏడు ఆ చేను దక్కుతుందో లేదో తెలియదు, గెనిమ మీద చెమట ఎందుకు పోస్తాడు? ఆసామికి ఫోన్ చేసి ఒప్పించడం మన పని. గెనిమ మీద వేసిన కంది, ఆముదం, కోసిన గడ్డి కౌలు రైతువేనని ఆసామి నోటితోనే చెప్పించండి. అలా చెప్పించిన చోట గెనిమలు బాగానే నిలిచాయి.

పని మొదలుపెట్టే రోజు పై రైతునీ కింది రైతునీ ఒకే చోట నిలబెట్టి, మరవ రాయి ఏ మట్టంలో ఉండాలో ఇద్దరి ముందే గుర్తు పెట్టండి. దాని పక్కన ఇద్దరినీ నిలబెట్టి ఒక ఫోటో తీసి ఇద్దరి ఫోన్లకూ పంపండి. తరవాత రాయి కదిలిందో లేదో ఫోటో చూస్తే తెలిసిపోతుంది, సర్వేయరు కోసం ఆర్నెల్లు ఆగక్కర్లేదు.