టెస్టులన్నీ పాస్, గుంట గట్టున ఫెయిల్: సమస్య – పరిష్కారం

నెల్లూరు జిల్లాలో వడ్లు, రొయ్యలు కొనేవాళ్లు వాడే యాప్ ఒకటి అనుకోండి. రాత్రి ఆటోమేటెడ్ టెస్టులు నడిచాయి, రిపోర్టంతా పచ్చగా ఉంది. పొద్దున ఏడింటికే ఫోన్లు: లెక్క తప్పు, పేరు దొరకడం లేదు, ఎంట్రీ రెండుసార్లు పడింది. ఇలాంటప్పుడు మరో వంద టెస్టు స్క్రిప్టులు రాయడానికి కూర్చోకండి. స్క్రిప్టు మనం ముందే అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. అడగకుండా వదిలేసిన ప్రశ్న ఆ ఫిర్యాదులోనే ఉంటుంది, దాన్నిబట్టి ఏ రకం పరీక్ష చేయాలో తేల్చుకోవాలి.

సమస్య: ధర లెక్క టెస్టుల్లో సరిపోయింది, రైతు తప్పంటున్నాడు

కారణం: కోడ్ రాసినవాళ్లు క్వింటాళ్లలో ఆలోచించారు. ఇక్కడ బేరం పుట్లలో జరుగుతుంది. నెల్లూరు పుట్టి 850 కిలోలు, అంటే ఎనిమిదిన్నర క్వింటాళ్లు. వేరే ప్రాంతానికి పోతే పుట్టి కొలతే మారిపోతుంది. స్క్రీన్ మీద ఉత్త "రేటు" అని ఉంటే కొనేవాడు పుట్టి రేటు కొడతాడు, యాప్ దాన్ని క్వింటాలు రేటుగా తీసుకుంటుంది. మొదట రాసుకున్న స్పెసిఫికేషనే (యాప్ ఏం చేయాలో చెప్పే పత్రం) తప్పయితే దాన్ని చూసి రాసిన టెస్టు కూడా అదే తప్పుతో పాసవుతుంది.

పరిష్కారం: కాటా దగ్గర చీటీలు రాసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని గంటన్నర ఎక్స్‌ప్లోరేటరీ టెస్టింగ్ (స్క్రిప్టు లేకుండా, వాడుతూ తప్పులు వెతకడం) చేయండి. ముందు ఒక్క వాక్యంలో చార్టర్, అంటే ఈసారి ఏం చూడాలో, రాసుకోవాలి: "12 పుట్లు అమ్మిన రైతుకు చీటీ చేతికొచ్చేదాకా ప్రతి అంకె సరిచూడాలి." 12 పుట్లు అంటే 10,200 కిలోలు, 102 క్వింటాళ్లు. స్క్రీన్‌లో, ఎస్ఎంఎస్‌లో, చీటీలో ఈ లెక్క ఒకేలా రావాలి. ఫోను ఆ చీటీలు రాసే ఆయన చేతికే ఇవ్వండి. "ఇక్కడ నొక్కండి" అని మధ్యలో అందించొద్దు. ఎక్కడ ఆగాడో, ఏమన్నాడో టైముతో సహా రాసుకోండి. సీజన్ జాబితాలో ఖరీఫ్, రబీ మాత్రమే ఉంటే "మరి ఎడగారు ఏదీ?" అంటాడు (ఎడగారు ఇక్కడి మరో పంట కాలం). అదొక్క మాటకైనా ఆ గంటన్నర ఖర్చుపెట్టొచ్చు.

జోనథన్ బాక్, జేమ్స్ బాక్ 2000లో తెచ్చిన సెషన్ పద్ధతిలో (ఇలా చార్టర్ పెట్టుకుని, మధ్యలో ఆగకుండా చేసే పరీక్ష) సమయాన్ని మూడు పద్దులుగా రాస్తారు: పరీక్షకు ఎంత, బగ్ వెంట పడడానికి ఎంత, సెటప్‌కు ఎంత. సెటప్‌కే సగం పోతుంటే ముందు టెస్ట్ డేటా సంగతి చూడాలి.

సమస్య: ఒకే కొనుగోలు రెండుసార్లు నమోదైంది

కారణం: ఆఫీసు వైఫైలో జవాబు వెంటనే వస్తుంది. అల్లూరు వైపు రొయ్యల గుంట గట్టు మీద సిగ్నల్ వచ్చిపోతున్నప్పుడు రిక్వెస్టు సర్వర్‌కు చేరుతుంది, జవాబు దారిలో పోతుంది. యాప్ "విఫలమైంది" అని చూపిస్తుంది, మనిషి మళ్లీ నొక్కుతాడు.

పరిష్కారం: సేవ్ నొక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేయండి. 30 సెకన్లాగి ఆఫ్ చేసి మళ్లీ సేవ్ నొక్కండి. ఇప్పుడు డేటాబేస్‌లో వరసలు లెక్కపెట్టండి. తప్పు టైమింగ్‌లో ఉంటుంది కాబట్టి ఒకసారితో వదలొద్దు, కనీసం పదిసార్లు చేయాలి. ఇంకా ఖాయంగా పట్టాలంటే, టెస్ట్ సర్వర్ రికార్డు రాసేశాక జవాబును యాప్ టైమవుట్ (జవాబు కోసం ఎదురుచూసే గడువు) దాటేదాకా ఆపి ఉంచండి.

దిద్దేటప్పుడు చాలామంది చేసే పొరపాటొకటుంది. సేవ్ నొక్కినప్పుడల్లా కొత్త ఐడీ పుట్టిస్తారు, దాంతో రెండో నొక్కు సర్వర్‌కు వేరే కొనుగోలులా కనిపిస్తుంది. ఐడీ ఫారం తెరిచినప్పుడే పుట్టాలి, ఎన్నిసార్లు నొక్కినా అదే వెళ్లాలి. డేటాబేస్‌లో ఆ ఐడీకి యూనిక్ నిబంధన (ఒకే ఐడీ రెండుసార్లు పడనివ్వని నియమం) పెట్టి, అది మళ్లీ వస్తే సర్వర్ ఎర్రర్ కాకుండా పాత జవాబే తిప్పి పంపాలి.

సమస్య: పేరు జాబితాలో కనిపిస్తోంది, వెతికితే దొరకదు

కారణం: "శ్రీనివాస్" చివర పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని అక్షరం పెడతాయి, కొన్ని పెట్టవు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేర్వేరు. ఐత్వం కూడా యూనికోడ్‌లో (అక్షరాలకు కంప్యూటర్ వాడే సంకేతాల పట్టిక) ఒకే సంకేతంగానో, రెండు సంకేతాలుగానో రావచ్చు. ఇంగ్లిష్ పేర్లతో రాసిన టెస్టులకు ఇవేవీ తగలవు.

పరిష్కారం: వెతకడానికి పేరు నుంచి విడిగా ఒక కీ (పోల్చడానికి మాత్రమే వాడే రూపం) తయారుచేయండి: ముందు ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికున్న వేర్వేరు సంకేత రూపాలను ఒక్కటి చేసే పద్ధతి), తర్వాత ఆ కనపడని అక్షరం తొలగింపు. ఎన్ఎఫ్‌సీ ఐత్వాన్ని సరిచేస్తుంది గానీ జాయినర్‌ను ముట్టుకోదు, రెండూ కావాలి. అసలు పేరులోంచి మాత్రం తీసేయకండి. తీసేస్తే "రాజ్‌కుమార్" కాస్తా "రాజ్కుమార్" అయిపోతుంది.

పొడవు కూడా చూడండి. "లక్ష్మి" కంటికి రెండక్షరాలు, యూనికోడ్‌లో 7 సంకేతాలు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 21 బైట్లు. 20 బైట్ల కాలమ్‌లో అది పట్టదు. తెలుగు ఎస్ఎంఎస్ ఒకదాంట్లో పట్టేది 70 సంకేతాలే.

సమస్య: కవరేజ్ (టెస్టుల్లో నడిచిన కోడ్ వంతు) 95 శాతం, అయినా తప్పులు జారిపోతున్నాయి

కారణం: లైను నడిచిందని కవరేజ్ చెబుతుంది, దాని ఫలితం ఎవరైనా సరిచూశారో లేదో చెప్పదు. ప్రభుత్వ కొనుగోలులో వడ్ల నెమ్ము (తేమ) 17 శాతం దాటకూడదు. కోడ్‌లో "17 లేదా అంతకన్నా తక్కువ" అని ఉంది, టెస్టులు 14తోనూ 20తోనూ ఉన్నాయి. కోడ్‌ను "17 కన్నా తక్కువ" అని మార్చి చూడండి. టెస్టులు అప్పుడూ పాసవుతాయి, సరిగ్గా 17 ఉన్న రైతు సరుకు మాత్రం వెనక్కిపోతుంది.

పరిష్కారం: ఇలా కావాలని కోడ్ చెడగొట్టి, టెస్టులు పట్టుకుంటాయా అని చూడడమే మ్యుటేషన్ టెస్టింగ్. జావాకు పిట్, జావాస్క్రిప్ట్‌కు స్ట్రైకర్ అనే టూల్స్ ఉన్నాయి. నెమ్మదిగా నడుస్తాయి కాబట్టి ధర, తరుగు, తేమ లెక్కలున్న ఫైళ్ల మీదే పెట్టండి. పట్టుబడని ప్రతి మార్పుకూ హద్దు దగ్గర ఒక టెస్టు రాయాలి. ఇక్కడైతే 16.9, 17, 17.1.

సమస్య: ఎండలో కనపడదు, తడి చేత్తో నొక్కితే వేరే బటన్ పడుతుంది

ఫోను బయటికి తీసుకెళ్లి మధ్యాహ్నం ఎండలో చూడండి. అక్షరానికీ వెనక రంగుకూ కాంట్రాస్ట్ కనీసం 4.5:1, బటన్ కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ స్క్రీన్ కొలత) ఉండాలి. ఫోన్‌లో అక్షరాల సైజు పూర్తిగా పెంచి మళ్లీ చూడండి. బటన్ ఎత్తు బిగించి పెట్టినచోట "నెల్లూరు"లో ల వత్తు కింద తెగిపోతుంది. ఎత్తు బిగించకుండా అక్షరంతో పాటు పెరగనివ్వాలి.

సమస్య: సాయంత్రానికి నెమ్మదిస్తుంది, రీస్టార్ట్ చేస్తే బాగవుతుంది

ఐదు నిమిషాల లోడ్ టెస్టుకు (చాలామంది ఒకేసారి వాడినట్టు చేసే పరీక్ష) ఇది దొరకదు. మామూలు రోజు లోడే పెట్టి 8 గంటలు వదిలేయండి. మెమరీ, తెరిచి ఉన్న డేటాబేస్ కనెక్షన్లు పది నిమిషాలకోసారి రాసుకోండి. కనెక్షన్ల గీత ఎక్కుతూనే ఉంటే ముందు ఎర్రర్ వచ్చినప్పుడు నడిచే కోడ్ దారులు చూడండి. కనెక్షన్ తిరిగివ్వడం ఎక్కువగా మర్చిపోయేది అక్కడే.