వేడెక్కాక రేసు దిగని పాత యెజ్డీ: కార్బురేటర్ కొనే ముందు క్రాంక్ సీళ్ళు చూడండి

పాకలోనో గోదాములోనో పదేళ్ళు మూలపడిన యెజ్డీ మోటారుసైకిల్‌ని బయటకు తీసి, టాంకుకు రంగు వేయించి, రిమ్ములకు పూత పెట్టించి, పొద్దున్నే రెండు కిక్కులకు అందుకుంటోందని సంతోషపడినవారు వారం తిరగకుండా మా షెడ్డుకు వస్తారు. రాయగడ, గుణుపూరు, పర్లాకిమిడి, ఏ వైపు నుంచి వచ్చినా చెప్పే బాధ ఒక్కటే. పది నిమిషాలు నడిచాక ఎక్సలేటర్ వదిలినా రేసు (ఇంజిను తిరిగే వేగం) దిగదు, కాసేపటికి ఇంజిను ఆగిపోతుంది, వేడి మీద ఎన్ని కిక్కులు కొట్టినా అందుకోదు, అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. అప్పటికే కొత్త కార్బురేటర్, కొత్త కాయిల్, రెండు రకాల ప్లగ్గులు కొని ఉంటారు. ఆ డబ్బులో పదో వంతు కూడా అవసరం లేని పని ఇది.

ముందు చూడవలసినవి

బండి ఆగిన చోటనే టాంకు మూత తీయండి. బుస్సుమని గాలి పీల్చుకుని, ఆ తర్వాత బండి స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం కొత్త రంగుతో మూసుకుపోయిందని అర్థం. పిన్నీసుతో పొడిస్తే సరిపోతుంది. ఇంత తేలికైన పరీక్షను చేయకుండా ఇంజిను విప్పించుకున్నవారిని చాలామందిని చూశాను, దయచేసి మీరు ఆ పని చేయకండి. తర్వాత పెట్రోలు గొట్టం ఊడదీసి ధార ఆగకుండా వస్తోందో లేదో చూడండి. కార్బురేటరు దగ్గర పెట్రోలు తడి తుడిచిన తర్వాత, ఇంజిను వేడిగా ఉండగానే ప్లగ్గును సిలిండరుకు ఆనించి కిక్కు కొట్టండి. నిప్పురవ్వ ఎర్రగా, నీరసంగా ఉంటే కండెన్సర్ మార్చి, రవ్వ పుట్టించే పాయింట్ల మధ్య గ్యాప్ 0.4 మి.మీ.కు సరిచేయండి. రవ్వ నీలంగా, గట్టిగా ఉండి, ప్లగ్గు ముక్కు మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా కాలి ఉంటే ఇంజిను ఎక్కడి నుంచో అదనపు గాలి లాగుతోందని తెలుసుకోవాలి.

అసలు దొంగ

టూ స్ట్రోక్ ఇంజినులో క్రాంక్ (పిస్టన్ కింద తిరిగే ఇరుసు) ఉండే గదే పంపుగా పనిచేస్తుంది. పిస్టన్ పైకి వెళ్ళేటప్పుడు ఆ గది కార్బురేటర్ నుంచి పెట్రోలు, గాలి మిశ్రమాన్ని లాగుతుంది, కిందికి వచ్చేటప్పుడు దాన్ని సిలిండరులోకి తోస్తుంది. క్రాంక్ రెండు కొసల దగ్గర ఉండే ఆయిల్ సీళ్ళే ఈ గదికి తలుపులు. యెజ్డీలో కుడివైపు డైనమో ఉన్న చోట ఆయిల్ ఉండదు కనుక అక్కడి సీలు పోతే ఇంజిను నేరుగా గాలిని లాగుతుంది, మిశ్రమం పలచబడుతుంది, రేసు దానంతట అదే పెరుగుతుంది, పిస్టన్ పట్టేసేదాకా వస్తుంది. ఎడమవైపు క్లచ్ దగ్గరి సీలు పోతే ఇంజిను క్లచ్ ఆయిల్ తాగి, సైలెన్సర్ల నుంచి తెల్లటి పొగ ఆగకుండా వదులుతుంది, ఆయిల్ మట్టం రోజురోజుకూ తగ్గుతుంది.

నిలిచిపోయిన బండిలో సీలు పెదవి (లోపలి రబ్బరు అంచు) ఎండి, క్రాంక్ షాఫ్టును గట్టిగా పట్టుకోవడం మానేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చిక్కటి ఆయిల్ పొర ఆ సందును కొంత కప్పుతుంది, వేడెక్కి ఆయిల్ పలచబడగానే సందు తెరుచుకుంటుంది. అందుకే ఉదయం కనిపించని లోపం పది నిమిషాల తర్వాత బయటపడుతుంది.

ఒక బండికి నేను ఇది గుర్తించక కార్బురేటర్‌లో పెద్ద జెట్టు (పెట్రోలు వచ్చే రంధ్రమున్న చిన్న మర) వేశాను. రేసు కొంత తగ్గింది, బాగైందనుకుని ఇచ్చేశాను. లక్ష్మీపూర్ ఘాట్ ఎక్కుతుండగా పిస్టన్ పట్టేసింది. బోరు చేయించి, కొత్త సీళ్ళు వేసినా నెలలోపే అదే జబ్బు తిరిగి వచ్చింది. అప్పుడు షాఫ్టును కిరసనాయిలుతో తుడిచి గోరుతో గీస్తే, పాత సీలు పెదవి తిరిగిన చోట వెంట్రుకంత గాడి తగిలింది. కొత్త సీలు పెదవి కూడా సరిగ్గా ఆ గాడిలోనే కూర్చుంటోంది. సీలును ఒక మిల్లీమీటరు ఇవతలకు కూర్చోబెట్టాక ఆ బండి మళ్ళీ నా దగ్గరికి ఆ జబ్బుతో రాలేదు.

ఎలా నిర్ధారించాలి

రక్తపోటు చూసే పాత మీటరు, దాని రబ్బరు బుడ్డి చాలు. కార్బురేటర్ తీసి ఆ మూతిని, సైలెన్సర్ గొట్టాలు తీసి సిలిండరుకున్న ఆ రెండు మూతులను ట్యూబు ముక్కలతో బిగించి మూసేయండి. పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించండి, లేకపోతే గాలి క్రాంక్ గదిలోకి చేరదు. లోపల తొలిచి గొట్టం అతికించిన పాత ప్లగ్గు ద్వారా మీటరు ముల్లు 250 (మి.మీ. పాదరసం)కి వచ్చేదాకా గాలి కొట్టండి. అది చదరపు అంగుళానికి సుమారు 5 పౌండ్ల ఒత్తిడి. కంప్రెసర్ మాత్రం పెట్టవద్దు, మంచి సీళ్ళు కూడా ఊడి వస్తాయి. ముల్లు ఐదు నిమిషాలు నిలబడితే సీళ్ళు బాగున్నట్టే. జారిపోతుంటే సిలిండరు అడుగు గ్యాస్కెట్టుకు, డైనమో వెనుక సీలుకు సబ్బునీళ్ళు పూయండి. క్లచ్ వైపు ఆయిల్ పోసే రంధ్రంలోకి చూడండి. బుడగలు ఎక్కడ లేస్తే తప్పు అక్కడే ఉంది.

సీలు ఎక్కడ, ఎంతకు

మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆనాటి కంపెనీ పొట్లంలో ఉన్న సీలును ఎక్కువ ధర పెట్టి కొనకండి, రబ్బరు పొట్లంలో ఉన్నా ముసలిదవుతుంది. 2022లో అదే పేరుతో వచ్చిన బండి ఫోర్ స్ట్రోకు, దాని సీళ్ళు వీటికి పనికిరావు. పాత సీలు మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మిల్లీమీటర్లలో అచ్చువేసి ఉంటాయి. చెరిగిపోతే వెర్నియర్‌తో కొలవండి. కాగితం మిల్లుకూ రైసు మిల్లులకూ సరుకిచ్చే బేరింగ్ దుకాణంలో బండి పేరు ఎత్తకుండా ఆ మూడు అంకెలు చెబితే సాధారణ ధరకు దొరుకుతుంది. ఇక్కడ లేకపోతే రైలెక్కి విజయనగరమో విశాఖో వెళ్ళండి. వైటాన్ రబ్బరుదే అడగండి, అది వేడినీ, ఇప్పటి పెట్రోలులో కలుస్తున్న 20 శాతం ఇథనాల్‌నూ తట్టుకుంటుంది. బేరింగులకూ ఇదే పద్ధతి: 6305 నంబరు బేరింగు అంటే ఎక్కడ కొన్నా 25, 62, 17 మి.మీ. కొలతలే, క్రాంకుకు వేసేదానికి మాత్రం సి3 (లోపల కాస్త ఎక్కువ సందు ఉన్న రకం) అని అడగాలి.

పాత సీలు తీసే ముందు స్ప్రింగు ఎటువైపు ఉందో ఫోటో తీసుకోండి. సీలు ఎక్కించేటప్పుడు షాఫ్టు మీది కీ (చిన్న ఇనుప చీలిక) కూర్చునే గాడి పెదవిని కోస్తుంది కనుక ఆయిల్ పాకెట్టు ప్లాస్టిక్కును పలచగా చుట్టి, టూ-టీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్ల పెట్రోలులో కలిపేది) రాసి, దాని మీదుగా జార్చండి. ఇంజినును ఫ్రేములో ఎక్కించక ముందే మీటరు పరీక్ష మళ్ళీ చేయండి. ఇంతకు ముందు పెద్ద జెట్టు వేసి ఉంటే అసలుది తిరిగి పెట్టండి.

క్రాంక్ కేసు పగలడం, కీ తెగి టైమింగు (నిప్పురవ్వ పడే సమయం) జరగడం చాలా అరుదు. పై పరీక్షల్లో ఏమీ తేలకపోతేనే వాటి జోలికి వెళ్ళండి. బండి మళ్ళీ నెలల తరబడి నిలపవలసి వస్తే కార్బురేటర్ ఖాళీ చేసి, ప్లగ్గు రంధ్రంలో రెండు చెంచాల టూ-టీ ఆయిల్ పోసి, నెలకొకసారి చేత్తో కిక్కు పది సార్లు నెమ్మదిగా తిప్పండి.