కొత్త మోడల్ వస్తోందని ఎస్‌యూవీ కొనడం ఆగిపోయిందా? సమస్య - పరిష్కారం

మా తోడల్లుడు బెంగళూరు మారతహళ్లిలో ఉంటాడు. రెండేళ్లుగా ఎస్‌యూవీ కొంటూనే ఉన్నాడు, ఇంకా కొనలేదు. టెస్ట్ డ్రైవ్ అవుతుంది, రంగు ఖాయమవుతుంది, రేపు బుకింగ్ డబ్బులు కట్టాలనగా ఆఫీసులో ఎవరో "కొత్తది వస్తోందట కదా" అంటారు. అక్కడితో ఆగిపోతాడు. పండగొస్తే మాత్రం అదే పాత హ్యాచ్‌బ్యాక్‌లో ఐదుగురూ సర్దుకుని, ఒళ్లో బ్యాగులు పెట్టుకుని అనంతపురం ప్రయాణం.

సమస్య: ఆరు నెలలు ఆగుదామనుకున్నారు. ఆ ఆరు నెలలు ఎప్పటికీ అవ్వట్లేదు.

కారణం: "కొత్తది" అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు మార్పులున్నాయి. ఏటా రంగులో వేరియంటో మార్చడం ఒకటి. మూడు నాలుగేళ్లకి బంపర్లు, లైట్లు, లోపలి స్క్రీన్లు మార్చే ఫేస్‌లిఫ్ట్ ఇంకొకటి. బాడీతో సహా అన్నీ మారే కొత్త జనరేషన్ మూడోది. హ్యుందాయ్ క్రెటానే చూడండి. 2015లో వచ్చింది, 2018లో ఫేస్‌లిఫ్ట్, 2020లో రెండో జనరేషన్, 2024 జనవరిలో మళ్లీ ఫేస్‌లిఫ్ట్. కియా సెల్టోస్ 2019లో వచ్చింది, 2023లో ముఖం మార్చుకుంది, రెండో జనరేషన్‌ని 2025 డిసెంబర్‌లో చూపించారు. లెక్క దాదాపు ఇలాగే నడుస్తుంది.

పరిష్కారం: మీకు నచ్చిన బండి ఏ ఏడాది వచ్చిందో, ఆఖరి మార్పు ఎప్పుడు జరిగిందో ఒక కాగితం మీద రాయండి. ఫేస్‌లిఫ్ట్ అయ్యి ఏడాదే అయితే కొత్త జనరేషన్ కోసం ఆగడమంటే ఇంకో ఏడాది నుంచి మూడేళ్లు. అన్నాళ్లు ఆగగలరా? తర్వాత, మీకు ఇప్పటి బండిలో నచ్చనిదేమిటో రాయండి. స్క్రీనో లైట్లో అయితే ఫేస్‌లిఫ్ట్‌తో తీరొచ్చు. ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే దొరుకుతుంది: 2024 క్రెటాలో ఏడాస్ (అవసరమైతే బండే బ్రేకు వేయడంలాంటి డ్రైవర్ సాయం) వచ్చింది, కొత్త టర్బో ఇంజన్ వచ్చింది. మూడో వరస ఇరుకుగా ఉందన్నదే మీ బాధైతే మాత్రం ఫేస్‌లిఫ్ట్‌తో అది తీరదు.

మా అత్తగారిని ఒకసారి షోరూమ్‌కి తీసుకెళ్లాం. ఏడు సీట్ల బండి. సేల్స్ కుర్రాడు రెండో వరస సీటు మడిచి "ఎక్కండమ్మా" అన్నాడు. ఆవిడ పైనున్న హ్యాండిల్ పట్టుకుని ఎడమ కాలు లోపల పెట్టింది, కుడి మోకాలు వంగలేదు. అలాగే సగం లోపల, సగం బయట నిలబడి, "ఈ ఎనక సీటు పిల్లోళ్లకే నాయనా" అని దిగిపోయింది. రెండేళ్లుగా చూస్తున్న కార్ల రివ్యూ వీడియోల్లో మా తోడల్లుడికి ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు. ఏ సీట్లో ఎవరు కూర్చుంటారో వాళ్లని వెంట తీసుకెళ్లి చూడండి.

సమస్య: హైవే మీద ముసుగేసిన బండి కనిపించింది. ఇక మనసు నిలవట్లేదు.

ఇది మన అనంతపురం వైపు వాళ్లకి మరీ ఎక్కువ. కియా ఫ్యాక్టరీ పెనుకొండ దగ్గర ఎన్‌హెచ్ 44 పక్కనే ఉంది మరి. నలుపు తెలుపు గీతల స్టిక్కర్లు అంటించుకున్న బండి పక్కనుంచి వెళ్తే ఎవరైనా ఫోన్ తీస్తారు.

కారణం: టెస్టింగ్ బండి కనిపించిందంటే వచ్చే నెల షోరూమ్‌కి వస్తుందని కాదు. ఎండలో, వానలో, ఘాట్‌లో నెలల తరబడి తిప్పుతారు.

పరిష్కారం: ఫోటో తీస్తే తీశారు, దాంట్లో తలుపులు చూడండి. ముసుగు ముందూ వెనకా మాత్రమే ఉండి, తలుపులు, అద్దాల గీత ఇప్పటి బండిలాగే ఉంటే అది చాలావరకు ఫేస్‌లిఫ్టే. తలుపుల రేకు మార్చడం ఖర్చుతో కూడిన పని, ఫేస్‌లిఫ్ట్‌లో దాని జోలికి సాధారణంగా పోరు. పక్కలకి కూడా ఒత్తుగా కప్పి, అసలు ఆకారమే తెలియకుండా చేస్తే కొత్త జనరేషన్ అయ్యుండొచ్చు.

సమస్య: పాత మోడల్ మీద భారీ డిస్కౌంట్ అంటున్నారు. తీసుకోవాలా?

కారణం: కొత్తది వచ్చేలోపు యార్డులో ఉన్నవి కదలాలి. మనవాళ్లు బండి కొనని ఆషాఢంలోనూ, ఏడాది మారే ముందు డిసెంబర్‌లోనూ ఆఫర్లు పెరుగుతాయి.

పరిష్కారం: డబ్బు కట్టకముందే ఛాసిస్ నంబర్ అడగండి, బండి దగ్గరికెళ్లి తయారైన నెల, సంవత్సరం చూడండి. మా ఫ్రెండ్ ఒకతను జనవరిలో ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఒక షోరూమ్‌లో "కొత్త బండి" తీసుకున్నాడు. ఆర్‌సీ చేతికొచ్చాక చూస్తే తయారైంది ముందటేడు మార్చిలో. రేపు అమ్మేటప్పుడు కొనేవాడు ముందు ఆ లైనే చూస్తాడు. నా మటుకు నేను, ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవాళ్లైతే పాతది డిస్కౌంట్‌లో తీసుకోమంటాను. మూడేళ్లకి మార్చేవాళ్లు ఆగడమే మేలు. కొత్తది రాగానే పాత ఆకారానికి రీసేల్ తగ్గుతుంది, ఆ దెబ్బ త్వరగా అమ్మేవాళ్లకే ఎక్కువ.

ఇంకొకటి, కొత్తది వచ్చినంత మాత్రాన పాతది పోవాలని లేదు. 2022లో మహీంద్రా స్కార్పియో-ఎన్ వచ్చాక పాత స్కార్పియో "క్లాసిక్" పేరుతో కొనసాగింది. టయోటా ఇన్నోవా హైక్రాస్ వచ్చాక కూడా పాత ఇన్నోవా క్రిస్టా అమ్ముడైంది.

సమస్య: కొత్తది రాగానే బుక్ చేద్దామనుకున్నారు, ధర చూసి టెన్షన్.

కారణం: మొదటి ధర మొదటివాళ్లకే. 2021 అక్టోబర్‌లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700 ప్రారంభ ధర మొదటి 25,000 బుకింగులకే అన్నారు. అవి 57 నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత కొన్ని వేరియంట్లకి ఏడాది దాటి ఎదురుచూడాల్సి వచ్చింది. పైగా సాధారణంగా బుక్ చేసిన రోజు ధర కాకుండా డెలివరీ నాటి ధరే లెక్క.

బెంగళూరులో దీనికి రోడ్డు ట్యాక్స్ తోడు. కర్ణాటకలో పెట్రోల్, డీజిల్ కార్లకి పది నుంచి ఇరవై లక్షల దాకా 17 శాతం, ఇరవై దాటితే 18 శాతం, దాని మీద సెస్సు వేరే. 19.90 లక్షల బండి కొత్త మోడల్ పేరుతో 20.10 లక్షలైందనుకోండి. పెరిగింది ఇరవై వేలే. ట్యాక్స్ మాత్రం సెస్సు కాక ఇంకో 23,500 పెరుగుతుంది.

పరిష్కారం: ఎక్స్-షోరూమ్ ధర (బండి ధర మాత్రమే) పక్కనపెట్టి, ట్యాక్సు, ఇన్సూరెన్సు అన్నీ కలిపిన ఆన్-రోడ్ కొటేషన్ రాయించుకోండి. బుకింగ్ రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుందో లేదో రసీదు మీదే ఉండాలి. "ఆంధ్రాలో మన ఊళ్లో రిజిస్ట్రేషన్ చేయించి ఇక్కడ తిప్పుకుందాం" అనే సలహా కూడా వస్తుంది, వినకండి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం అక్కడి నంబర్ తీసుకోవాల్సిందే. ఈలోపు చెకింగ్‌లో ఆపితే ఆ గొడవ వేరు.

ఆగినందుకు నిజంగా కలిసొచ్చింది ఈ మధ్య ఒక్కసారే. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద ఎస్‌యూవీలకి జీఎస్‌టీ మీది సెస్సు పోయి, మొత్తం పన్ను 40 శాతమైంది, బండ్ల ధరలు తగ్గాయి. కొత్త మోడల్ వల్ల కాదు, పన్ను వల్ల.

సమస్య: కొత్త మోడల్ మొదటి బ్యాచ్‌లోనే స్క్రీన్ ఆగిపోతోంది, సెన్సార్లు ఊరికే కూస్తున్నాయి.

కారణం సాఫ్ట్‌వేరే ఎక్కువసార్లు. సర్వీస్ సెంటర్‌లో అప్‌డేట్ వేయించండి. ఇంకా కొనకపోతే నాలుగైదు నెలలు వేరేవాళ్లు నడిపాక కొనండి.

సమస్య: కొన్న వారానికే కొత్తది ప్రకటించారు.

దీనికి మందు లేదు. ఆ వీడియోలు చూడటం మానేసి, అవి పెట్టేవాడిని అన్‌సబ్‌స్క్రైబ్ చేసి, శనివారం పొద్దున్నే హెబ్బాళ ఫ్లైఓవర్ రద్దీ మొదలవకముందే బండి తీసి ఊరికి బయల్దేరండి.