వైజాగ్ ఫ్లాట్‌కు హన్మకొండ లెక్కలు పనికిరావు

బీచ్ ఎదురుగా ఫ్లాట్ కొని లోపలంతా కొత్తగా చేయించాలనుకునే మనవాళ్లకు ఒక్క మాట, డిజైన్ కన్నా ముందు స్క్రూలు, తలుపు కబ్జాల (హింజెస్) సంగతి చూడండి. మా బావ రుషికొండ వైపు ఫ్లాట్‌కి ఇక్కడి నుంచే కార్పెంటర్‌ను తీసుకెళ్లి, హన్మకొండ ఇంట్లో వాడిన సామానే అక్కడా పెట్టించాడు. రెండో ఏడాదికే బాల్కనీ పక్క కప్‌బోర్డు కబ్జాల మీద ఎర్రటి చారలు, తలుపు తీస్తే కిర్రుమని చప్పుడు.

ఉప్పు గాలి మామూలు ఇనుమునే కాదు, మామూలుగా వాడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలును కూడా మచ్చలు పడేలా చేస్తుంది. సముద్రం వైపు బాల్కనీ రెయిలింగ్, కబ్జాలు, స్క్రూలు 316 రకం అడగండి, అందులో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి ఉప్పుకు బాగా తట్టుకుంటుంది. షాపులో అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మకండి, దాంతో 304కీ 316కీ తేడా తెలియదు, బిల్లు మీద గ్రేడ్ రాయించుకోవడమే మేలు. 316 అయినా నెలకోసారి మంచినీళ్ల గుడ్డతో తుడవాలి, లేకపోతే దాని మీదా మచ్చలొస్తాయి.

ప్లైవుడ్ మీద ఐఎస్ 710 (తేమకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్) ముద్ర ఉండాలి, ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసే బోర్డు) జోలికి పోకండి. కిటికీ గట్లకు మన కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ వేయించండి, పాలరాయి కన్నా నయం, తుడిస్తే చాలు.

ఫాల్స్ సీలింగ్ లైట్లు ఎలా ఉన్నా పర్లేదు, అవి ఎప్పుడైనా మార్చుకోవచ్చు.