మాండొలిన్ స్వయంశిక్షణ – 6వ పాఠం: పట్టీ కట్టుకునే విధానం

గత పాఠంలో మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలను (సంగీతంలో తొలి పాఠాలను) విళంబకాలంలో, అంటే నెమ్మదిగా, మీటిన తరువాత, ఒకే తీగ మీద షడ్జం నుంచి పంచమం దాకా, అంటే ఏడు మెట్ల (ఫ్రెట్ల) మేర, వేలిని ఎత్తకుండా జార్చే అభ్యాసం ఇచ్చాను. కుర్చీలో కూర్చుని ఆ అభ్యాసం చేసినవారికి ఒక ఇబ్బంది తప్పకుండా ఎదురై ఉంటుంది. వేలు పంచమం వైపు జారుతుంటే వాద్యం కూడా దానితో పాటు కుడివైపుకు జరుగుతుంది. తిరిగి షడ్జానికి వస్తుంటే ఎడమకు లాక్కుపోతుంది. దాన్ని ఆపడానికి మనకు తెలియకుండానే ఎడమచేతి బొటనవేలు, అరచెయ్యి కలిసి దండిని (వాద్యపు మెడను) గట్టిగా పట్టేసుకుంటాయి. దండిని పట్టుకున్న చెయ్యి దాని మీద జారలేదు కనుక జారు మధ్యలోనే తెగిపోతుంది, గమకం గరుకుగా వస్తుంది. ఎంత సాధన చేసినా ఈ లోపం వేళ్లతో సరికాదు. వాద్యం ఒంటికి స్థిరంగా ఆనుకుని ఉంటేనే సరవుతుంది. అందుకే జంట వరుసలకు వెళ్లే ముందు ఈ పాఠాన్ని పూర్తిగా, వాద్యాన్ని భుజానికి తగిలించుకునే పట్టీకే కేటాయిస్తున్నాను.

ఆర్కెస్ట్రాల్లో వాయించేవారు దీన్ని బెల్టు అంటారు. బరువు మోయడానికే బెల్టు అనుకుని, మాండొలిన్ తేలికే కదా అని చాలామంది దాన్ని పక్కన పెడతారు. లోపల గుల్లగా ఉండే మామూలు మాండొలిన్ 1 కిలోకు కాస్త అటూఇటూగా తూగుతుందన్న మాట నిజమే. అయితే ఆ 1 కిలో ఎక్కడ ఆనుతోందన్నదే మనకు ముఖ్యం. పట్టీ లేనప్పుడు అందులో కొంత ఎడమచేతి మీద పడుతుంది. పట్టీ ఉంటే మొత్తం భుజానికి చేరి, ఎడమచెయ్యి స్వరం పలికించే పని ఒక్కటే చేస్తుంది. పాలకొల్లులో 1969లో పుట్టి, మాండొలిన్‌ను కర్ణాటక కచేరీ వేదిక మీద నిలబెట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఐదు ఒంటి తీగలున్న విద్యుత్ మాండొలిన్‌ను, నేల మీద బాసింపట్టు వేసుకుని ఒడిలో పెట్టుకుని వాయించేవారు. ఆ ఆసనంలో తొడ, పొట్ట, కుడి ముంజేయి మూడూ వాద్యానికి ఆధారమవుతాయి. నేల మీద కూర్చుని సాధన చేసేవారికి పట్టీ లేకపోయినా కొంతవరకు గడుస్తుంది. కుర్చీలో కూర్చునేవారికి, నిలబడి వాయించాల్సినవారికి మాత్రం అది తప్పనిసరని నా అభిప్రాయం.

ముందుగా మీ వాద్యాన్ని పరీక్షించండి. పట్టీకి రెండు కొసలుంటాయి కనుక దానికి రెండు ఆధారాలు కావాలి. మొదటి ఆధారం అడుగున, తీగల కొనలు తగిలించే లోహపు పలక దగ్గర ఉండే చిన్న గుండీ. ఇది రెండు రకాలుగా వస్తుంది: స్క్రూతో బిగించినది ఒకటి, వయొలిన్‌కు ఉన్నట్టు రంధ్రంలోకి ఒత్తి దించిన సన్నని కర్ర మేకు మరొకటి. ఏ రకమైనా బొటనవేలు, చూపుడువేలు పట్టించి తిప్పుతూ బయటికి లాగి చూడండి. స్క్రూది వదులుగా ఉంటే బిగిస్తే సరిపోతుంది. కర్రది ఇట్టే ఊడి వచ్చిందంటే దాని మీద భారం వేయకూడదు.

ఈ పరీక్ష ఎందుకు చేయమంటున్నానో చెప్పాలి. వానాకాలంలో గట్టిగా బిగిసి ఉన్న కర్ర మేకు ఎండాకాలంలో కర్ర ఆరి కుంచించుకుపోవడంతో వదులవుతుంది. ఒక మే నెలలో నా మాండొలిన్ అలాగే మేకు ఊడి, కింది కొస వదిలేసి గచ్చు మీద పడింది. తీగలను మోసే గుర్రం (బ్రిడ్జి) విరిగింది, పైపలక అంచున సన్నని పగులు వచ్చింది. ఆ పగులును జిగురుతో మూసినా ఇప్పటికీ వేలికి తగులుతుంది. అప్పటినుంచి ప్రతి ఋతువు మారినప్పుడు మేకును తిప్పి చూడటం అలవాటు చేసుకున్నాను. కొద్దిగా వదులైతే మేకుకు పొడి సుద్ద రాసి, తిప్పుతూ లోపలికి ఒత్తితే పట్టు వస్తుంది. అప్పటికీ నిలవకపోతే వాద్యాలు బాగుచేసేవారి చేత కాస్త లావు మేకు దింపించుకోండి. దాన్ని జిగురుతో అంటించే పని మాత్రం పెట్టుకోవద్దు. తరువాత ఎప్పుడైనా దాన్ని తీయాల్సి వస్తే చుట్టూ ఉన్న కర్ర కూడా చీలి వస్తుంది.

రెండో ఆధారం దగ్గరే అసలు ఎంపిక ఉంది. మీ మాండొలిన్ పైభాగాన నత్తగుల్లలా చుట్టుకున్న కర్ర మెలిక ఉంటే, ఆ నమూనాను ‘ఎఫ్’ (F) రకం అంటారు, మీరు ఏమీ తొలవనవసరం లేదు. తోలు తాడును ఆ మెలిక మెడ చుట్టూ తిప్పి కట్టుకుంటే చాలు. అంతకంటే మంచి కొక్కెం ఎవరూ చేయలేరు. నీటి బొట్టులా నున్నగా ఉండే ‘ఎ’ (A) రకానికి గానీ, వెనుక భాగం కుండలా గుండ్రంగా ఉండే నాపొలిటన్ రకానికి గానీ అలాంటి సౌకర్యం లేదు. వాటికి రెండు దారులున్నాయి: తాడును బిరడాల (శ్రుతి సరిచేసే మరల) తల దగ్గర కట్టడం, లేదా దండి వాద్యంతో కలిసేచోట ఉండే మడమకు గుండీ బిగించడం.

తల దగ్గర కట్టడం తేలిక, వాద్యానికి ఏ హానీ లేదు. 3 మిల్లీమీటర్ల మందం, అర మీటరు పొడవు ఉన్న తోలు తాడు తీసుకోండి. బూటు లేసైనా పనికొస్తుంది. దాన్ని సగానికి మడవండి. మెట్ల పలక చివర తీగలు ఆనే చిన్న పట్టె దాటిన వెంటనే, మొదటి బిరడాలకు ఇవతల, తీగలకూ తల పలకకూ మధ్య కొద్దిపాటి ఖాళీ కనిపిస్తుంది. మడిచిన కొసను ఆ ఖాళీలోంచి దూర్చి, దండి వెనుకనుంచి చుట్టి తెచ్చి, రెండు విడి కొసలనూ ఆ మడతలోంచి లాగండి. గుంజేకొద్దీ బిగుసుకునే ఉచ్చు తయారవుతుంది. విడి కొసలను పట్టీ కన్నంలోంచి దూర్చి ముడి వేయండి. ఇక్కడ జారుముడి వేయకూడదు, పీటముడే వేయాలి. తాడు తప్పనిసరిగా తీగల కింద నుంచే వెళ్లాలి. తీగల మీదుగా వెళ్తే పట్టీ లాగినప్పుడల్లా శ్రుతి మారిపోతుంది. కట్టడం అయ్యాక ఒక్కొక్క తీగనూ మీటి, తాడు ఏ తీగనూ తాకడం లేదని నిర్ధారించుకోండి.

ఈ పద్ధతిలో వాద్యం చక్కగా తూగుతుంది, తల కిందికి వాలదు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. మొదటి రెండు మెట్ల మీద వేళ్లు పెట్టినప్పుడు చూపుడువేలి మొదలు, బొటనవేలు తాడుకు తగులుతుంటాయి. మాయామాళవగౌళలో శుద్ధ రిషభం మొదటి మెట్టు మీదే ఉంది కనుక మన సాధనలో ఆ తగులుడు అడుగడుగునా వస్తుంది. అందువల్ల నేర్చుకునే మొదటి నెలల్లో తల దగ్గర కట్టుకుని, వాద్యం మార్చేది లేదని స్థిరపడ్డాక మడమ గుండీకి మారమని నేను చెబుతాను.

మడమ గుండీకి వాద్యాన్ని తొలవాలి కనుక తొందరపాటు పనికిరాదు. అది ఖరీదైన వాద్యమో, పెద్దలనుంచి వచ్చిన పాత వాద్యమో అయితే మీరు చెయ్యి పెట్టకుండా వాద్యాలు చేసేవారికే అప్పగించండి. స్వయంగా చేసేవారికి మొదటి హెచ్చరిక: వాద్యపు పక్క గోడలో ఎప్పుడూ స్క్రూ దింపకూడదు. ఆ చెక్క మందం 2, 3 మిల్లీమీటర్లకు మించదు, భారానికి చీలిపోతుంది. గుండీ మడమలోని నిండు కర్రలోకే దిగాలి. వాద్యాన్ని వాయించే తీరులో పట్టుకున్నప్పుడు మడమకు నేలవైపు ఉండే పక్కన, వాద్యపు వీపుకు దగ్గరగా, మధ్యకు వచ్చేలా పెన్సిలుతో గుర్తు పెట్టండి. మెట్ల పలకకు దగ్గరగా పెట్టవద్దు. కొన్ని వాద్యాల్లో దండిని నిటారుగా ఉంచే ఇనుప కడ్డీ ఆ పలక కిందుగానే వెళ్తుంది.

4 మిల్లీమీటర్ల మందం, 20 మిల్లీమీటర్ల పొడవు ఉన్న స్క్రూ సరిపోతుంది. మేపుల్ వంటి గట్టి కర్రకు 3 మిల్లీమీటర్ల రంధ్రం, మెత్తటి కర్రకు 2.5 మిల్లీమీటర్ల రంధ్రం ముందుగా తొలవాలి. రంధ్రం తొలవకుండా స్క్రూ ఎక్కించారంటే మడమ నిలువునా పగులుతుంది. గుర్తు మీద సన్నని మేకు మొనతో చిన్న గుంట చేస్తే డ్రిల్లు మొన పక్కకు జారదు. మొదటి రెండు మూడు తిప్పుళ్లు డ్రిల్లును వెనక్కు తిప్పండి. పాలిష్ పొర పెచ్చులు లేవకుండా గుండ్రంగా తెగుతుంది. ఎంత లోతు దించాలో డ్రిల్లు మొన మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకుని, అక్కడికి రాగానే ఆపండి. స్క్రూ మరలకు కొవ్వొత్తి మైనం రుద్ది, చేతి స్క్రూడ్రైవరుతోనే, గుండీకీ కర్రకూ మధ్య ఫెల్టు బిళ్ల పెట్టి, నెమ్మదిగా ఎక్కించండి. బిళ్ల కొద్దిగా నొక్కుకుంటే చాలు, అంతకు మించి బిగిస్తే లోపల కర్రలో మరల పట్టు చెదిరిపోతుంది.

గుండ్రటి వీపున్న వాద్యానికి మడమ గుండీ పెడితే ఆ వీపు పొట్ట మీద దొర్లి, తీగల ముఖం ఆకాశం వైపు తిరుగుతుంది. ఆ రకం వాద్యానికి తల దగ్గర కట్టడమే మేలు. వీపుకూ పొట్టకూ మధ్య గరుకు వైపు బయటికి ఉండేలా మెత్తటి తోలు ముక్క ఒకటి పెట్టుకుంటే దొర్లుడు తగ్గుతుంది.

ఇక పట్టీ విషయం. గిటారు పట్టీ ఈ చిన్న వాద్యానికి వెడల్పు ఎక్కువ. 2 నుంచి 4 సెంటీమీటర్ల వెడల్పున్న మెత్తటి తోలు పట్టీ శ్రేష్ఠం. అది దొరకకపోతే మంచాలకు అల్లే నూలు నవారు ముక్క తీసుకుని, రెండు కొసలకూ తోలు ముక్కలు కుట్టించి కన్నాలు పొడిపించుకోండి. చెప్పులు కుట్టేవారు ఈ పని కాసేపట్లో చేసిపెడతారు. గుండీ తల కన్నంలోంచి కష్టం మీద దూరాలి. సులువుగా దూరితే అంత సులువుగానూ ఊడివస్తుంది. వినైల్, రబ్బరు పట్టీలను మాత్రం కొనవద్దు. సెల్యులోజ్ లక్క పూసిన వాద్యాన్ని అవి తాకి ఉంటే పాలిష్ మెత్తబడి, జిగురుగా మారి మచ్చ పడుతుంది. రంగు వేసిన కొత్త తోలు కూడా కోస్తా ఉక్కపోతలో చెమటకు రంగు వదులుతుంది కనుక, తడి తెల్లగుడ్డతో రుద్ది చూసి వాడండి.

పొడవు తేల్చుకోవడానికి పురికొస తీసుకుని రెండు ఆధారాలకూ కట్టి, ఎడమ భుజం మీదుగా వీపు మీదికి, అక్కడినుంచి కుడిచంక కిందుగా అడుగు గుండీకి వచ్చేలా తొడుక్కోండి. కుర్చీలో నిటారుగా కూర్చుని, వాద్యం పొట్ట పైభాగాన ఆనేలా, దాని తల దాదాపు మీ ఎడమ భుజం ఎత్తుకు లేచేలా పురికొసను సర్దండి. కుడి మోచెయ్యి సుమారు లంబకోణంలో వంగాలి, ఎడమ మణికట్టు వంగకుండా తిన్నగా ఉండాలి. ఇప్పుడు లేచి నిలబడండి. వాద్యం అదే చోట ఉంటే ఆ పురికొస పొడవే మీ పట్టీ పొడవు. కూర్చున్నప్పుడు ఒక ఎత్తు, నిలబడినప్పుడు ఇంకో ఎత్తు అయితే చేతికి రెండు అలవాట్లు నేర్పినట్టవుతుంది. అమెరికాలో బ్లూగ్రాస్ వాయించేవారిలో కొందరు తల దూర్చకుండా పట్టీని కుడి భుజానికే తగిలించుకుంటారు. తీయడం, వేయడం సులువే గానీ, జారులు ఎక్కువగా ఉండే మన సంగీతానికి ఒంటికి అడ్డంగా వేసుకున్న పట్టీ ఇచ్చే నిలకడ దానికి రాదు.

పట్టుచీర కట్టుకుని వాయించేవారికి ఒక మాట. పమిట ఉండే ఎడమ భుజం మీదే పట్టీ కూడా వస్తుంది, పట్టు మీద నున్నటి పట్టీ నిలవదు. లోపలివైపు గరుకుగా ఉన్న తోలు పట్టీ ఎంచుకోండి. పమిటకు పెట్టిన పిన్నీసు, మెడలోని గొలుసు, చొక్కాల విషయంలో గుండీలు, వాద్యపు వీపు మీద గీతలు పెడతాయి; పిన్నీసును భుజం వెనక్కు పెట్టుకుని, గొలుసును లోపలికి వేసుకున్నాకే వాద్యం తొడుక్కోండి. పట్టీకి లోహపు బకిల్ ఉంటే అది మీ వీపు మీదికి వచ్చేలా సర్దండి.

విద్యుత్ మాండొలిన్ ఉన్నవారు కరెంటు తీగను (కేబులును) నేరుగా జాక్‌లో పెట్టకుండా, అడుగు గుండీ దగ్గర పట్టీకీ వాద్యానికీ మధ్యనుంచి ఒకసారి తిప్పి పెట్టాలి. అప్పుడు వేదిక మీద ఎవరైనా ఆ కేబులును తొక్కినా, ఆ లాగుడు పట్టీ దగ్గర ఆగిపోతుంది, జాక్ ఊడిరాదు.

ఈ వారం అభ్యాసం ఇది. పట్టీ తొడుక్కుని నిలబడి, రెండు చేతులూ పూర్తిగా వదిలేయండి. దండి నేల వైపు వాలిపోతే పట్టీని రెండు వేళ్ల మేర బిగించండి; వాద్యపు తల గడ్డానికి తగిలేంత లేస్తే అంతే వదులు చేయండి. వాద్యం తనంత తాను నిలిచాక, కుడి ముంజేయిని తేలికగా ఆనించి, ఎడమచేతి బొటనవేలిని దండి మీదనుంచి పూర్తిగా తీసేసి, చూపుడువేలు ఒక్కదానితోనే షడ్జం నుంచి పంచమానికి జారి తిరిగి రండి. మొదట స్వరం బలహీనంగా పలుకుతుంది, ఫరవాలేదు. వాద్యం కదలకుండా వరుసగా పదిసార్లు ఆ జారు వచ్చిన రోజున బొటనవేలిని దాని స్థానంలో మెత్తగా ఆనించి, సరళీ వరుసలు మొదటినుంచి రెండు కాలాల్లో మీటండి. వచ్చే పాఠంలో జంట వరుసలు మొదలుపెడదాం.