పార్కు బావి మొరాయిస్తోందా? పెద్ద మోటారు కొనే ముందు ఇవి చూడండి

బెంగళూరు లేఅవుట్ పార్కుల్లో పాత బావి ఉందంటే దాని కథ దాదాపు ఒకే తీరు. ఎండలు ముదిరాక అందరికీ గుర్తొస్తుంది, మీటింగు పెడతారు, కొత్త మోటారు, కొత్త గ్రిల్లు, దాని మీద ఒక బోర్డు. రెండు మంచి వానలు పడ్డాయంటే మళ్లీ దాని ముఖం చూసేవాళ్లుండరు. 2024 మార్చిలో ఊళ్లోని సుమారు 13,900 సర్కారు బోర్లలో 6,900 ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది, తాగునీళ్లతో కారు కడిగినా తోటకు పోసినా 5,000 రూపాయల జరిమానా అని ఊరి నీళ్లూ మురుగూ చూసే జలమండలి ప్రకటించింది. అప్పుడు ఇలాంటి బావుల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అంతకు ముందు 2022 సెప్టెంబరులో వచ్చింది కరువు కూడా కాదు, తొరెకాడనహళ్లి పంపింగ్ కేంద్రంలోకి వరద నీళ్లు చొరబడి కావేరి సరఫరా ఆగిపోయింది. వంద కిలోమీటర్ల దూరం నుంచి కొండెక్కించి తెచ్చుకునే నీళ్లు కదా, ఎక్కడ తెగినా మన కుళాయే ఎండుతుంది.

కింద రాసినవన్నీ తవ్విన బావి గురించి. బోరు వేరే లెక్క, అది వెయ్యి అడుగుల కింద రాతి పగుళ్లలోంచి లాగుతుంది. బావికి నీళ్లు వచ్చేది పైనున్న మెత్తని మట్టి, ఛిద్రమైన రాయి పొరలోంచి, అందుకే నాలుగు వానలు సరిగ్గా ఇంకితే అది కోలుకుంటుంది. కాలనీ మీటింగుల్లో మొదట వినపడే మాట "మోటారు సరిపోవట్లేదు, పెద్దది వేయిద్దాం" అని. నేను చూసినంతలో తప్పు మోటారుది కావడం తక్కువ. ఖర్చు పెట్టే ముందు అడుగడుక్కీ ముడి వేసిన తాడు, చివర ఒక రాయి, ఒక నోటుబుక్కు పెట్టుకోండి. సగం జబ్బులు వాటితోనే బయటపడతాయి.

పది నిమిషాలు నీళ్లు, తర్వాత గాలి

బావిలో ఊట కన్నా మోటారు లాగేది ఎక్కువ, అంతే. దీనికి పెద్ద మోటారు వేస్తే పది నిమిషాలు కాస్తా నాలుగు నిమిషాలవుతుంది.

ముందు ఊట ఎంతో కొలవండి. మోటారు వేయకముందు నీటి మట్టం రాసుకోండి, నాలుగైదు అడుగులు దిగేదాకా తోడండి, ఆపేసి గంటగంటకూ తాడు వేసి చూడండి. పది అడుగుల వ్యాసం ఉన్న బావిలో ఒక్క అడుగు నీళ్లంటే సుమారు 2,200 లీటర్లు. రెండు గంటల్లో అడుగు పెరిగిందనుకుందాం, గంటకు 1,100, రోజుకు 26,000 లీటర్లు. 6,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు వచ్చి పోసినట్టే, అదీ రోజూ, తక్కువేం కాదు. కాకపోతే ఒక హెచ్‌పీ మోటారు యాభై అడుగుల ఎత్తుకు గంటకు ఏడు వేల లీటర్లు తోడేయగలదు, అందుకే బావి చేతులెత్తేస్తుంది.

చేయాల్సింది ఏమిటంటే చిన్న మోటారు, పక్కనే ఓ పదివేల లీటర్ల సంపు, బావిలో కింద ఒకటి పైన ఒకటి లెవెల్ సెన్సర్లు, కొద్దికొద్దిగా రాత్రంతా నింపుకునేలా టైమరు. జనం బిందెలు పట్టుకునేది సంపు నుంచి, బావి నుంచి కాదు. ఇంకో సంగతి, ఈ కొలత ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో తీసుకోవాలి. అక్టోబరులో కొలిచి సంతోషపడితే ఎండాకాలంలో అందరి ముందూ తలదించుకోవాలి. నీళ్లు పైకొచ్చేకొద్దీ ఊరే వేగం తగ్గుతుంది కాబట్టి బావి నిండుగా ఉన్నప్పుడు చూసి ఊట లేదని తేల్చేయడమూ పొరపాటే.

బాగు చేయించాక నీళ్లు తగ్గిపోయాయి

వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ ఇది చాలాచోట్ల జరిగేదే. టెండరులో "బావి అభివృద్ధి" అని ఉంటుంది, కాంట్రాక్టరు వచ్చి లోపల రాతి గోడకు నున్నగా సిమెంటు ప్లాస్టరు కొడతాడు, అడుగున కాంక్రీటు వేస్తాడు, పైనుంచి నీలం రంగు. ఫొటోకు భలే ఉంటుంది. బావికి నీళ్లు వచ్చేదే ఆ రాళ్ల సందుల్లోంచి, అడుగు నుంచి. దారులన్నీ మూసేసి ఊట ఏదని అడిగితే ఎలా.

వంగి చూస్తే తెలిసిపోతుంది. ప్లాస్టరు మీద ఎక్కడో ఒకచోట తడి మచ్చ ఉబ్బి కనిపిస్తుంది, ఆ పగుల్లోంచి సన్నగా నీళ్లు కారుతూ, కింద నాచు చారలాగా పట్టి ఉంటుంది. గోడ వెనకున్న నీళ్లు బావిలోకి రావడానికి దారి వెతుక్కుంటున్నాయన్నమాట. అక్కడి నుంచే మొదలుపెట్టి నీటి మట్టానికి దిగువనున్న ప్లాస్టరు చెక్కేయించాలి, గట్టిగా పట్టేసి ఉంటే వరసలుగా రంధ్రాలు వేయించాలి. అడుగు కాంక్రీటు పగలగొట్టి జల్లెడ పట్టిన కంకర ఒక అడుగు పరిస్తే చాలు. పై ఆరేడు అడుగులు మాత్రం ప్లాస్టరు ఉండటమే మంచిది, పైపై మురికినీరు దిగకుండా ఆపుతుంది.

ఈ పనికి మామూలు సివిల్ కాంట్రాక్టరు కన్నా బావులు తవ్వే వడ్డెరలను పిలవండి. ఇక్కడ వాళ్లను మన్ను వడ్డర్లు అంటారు, సర్జాపుర వైపు ఎక్కువ కుటుంబాలున్నాయి, వాళ్ల ఇంటి మాట తెలుగుకు దగ్గర చుట్టం, కాబట్టి మనవాళ్లకు బేరం కూడా సులువే. కబ్బన్ పార్కులో పూడిపోయిన పాత బావులను బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చింది ఇలాంటి చేతులే. వాళ్లు వచ్చీ రాగానే మోటారు వైపు చూడరు, గోడ చూస్తారు, ఏ వైపు నుంచి జల వస్తోందో చూస్తారు. గోడ ఒకవైపు పొట్టలా ఉబ్బి ఉన్నా, చెట్టు వేరు రాయిని తోసేస్తున్నా అప్పుడే చెబుతారు. అలాంటి గోడ ఉన్న బావిని ఒక్కసారిగా ఖాళీ చేయకండి, లోపలి నీళ్ల ఒత్తిడే దాన్ని నిలబెడుతూ ఉండొచ్చు.

మోటారు తిరుగుతోంది, చుక్క నీళ్లు రావు

గట్టు మీద పెట్టిన మోటారైతే ముందు ఫుట్ వాల్వ్, అంటే నీళ్లలో పైపు చివర ఉండే కవాటం చూడండి. అందులో ఆకో ప్లాస్టిక్ ముక్కో ఇరుక్కుంటే పైపులో నీళ్లు నిలవవు, ప్రతిసారీ చెంబుతో నీళ్లు పోసి స్టార్ట్ చేయాల్సి వస్తుంది. అది బాగానే ఉంటే నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో చూడండి. పైనున్న మోటారు నీళ్లను లాగేది గాలి ఒత్తిడి పుణ్యాన, మన ఊరు సముద్రానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ ఆ ఒత్తిడి పదో వంతు తక్కువ. చెన్నైలో పాతిక అడుగులు లాగిన మోటారు ఇక్కడ ఇరవై, ఇరవై రెండు దగ్గర ఆయాసపడుతుంది. వానాకాలం బాగా పనిచేసి మార్చి నుంచి మొరాయించే మోటార్లలో చాలావాటి రోగం ఇదే. హెచ్‌పీ పెంచితే తగ్గదు, ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్, అంటే బావి నీళ్లలోనే మునిగి పనిచేసే మోటారు వేయాలి. అడుక్కు ఆనించకుండా రెండు మూడడుగులు ఎత్తులో వేలాడదీయండి, లేకపోతే బురద లాగుతుంది.

నీళ్లు నల్లగా, కుళ్లిన గుడ్ల వాసన

ఏళ్ల తరబడి రాలిన ఆకులు అడుగున కుళ్లుతున్నాయి. పార్కు బావికి ఇది తప్పని తద్దినం, చుట్టూ చెట్లే కదా. పూడిక తీయాలి, పైన సన్నకన్ను వల ఉన్న గ్రిల్లు వేయాలి, మాలీ వారానికోసారి దాని మీది ఆకులు ఊడ్చాలి.

ఇక్కడ ఒక్క మాట కాస్త గట్టిగానే చెబుతాను. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది. బురదను కదిపేకొద్దీ అది బుసబుసా పైకొస్తుంది, ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియడం ఆగిపోతుంది, వాసన పోయిందని దిగినవాడు పడిపోతాడు, వాడి కోసం దిగిన రెండోవాడూ పడిపోతాడు. దీపం దించి చూసే పాత పద్ధతి ఆక్సిజన్ లేదని చెబుతుందేమో కానీ ఈ విషవాయువును పట్టించదు. గ్యాస్ డిటెక్టర్ దించి చూడండి, బ్లోయరుతో ముందు నుంచీ గాలి కొట్టిస్తూ ఉండండి, దిగే మనిషికి నడుముకూ భుజాలకూ బెల్టు, పైన లాగడానికి మనుషులు ఉండాలి. డీజిల్ పంపునో జనరేటరునో బావిలోకి దించి నడపకండి, దాని పొగ ఒక్కటే చాలు ప్రాణం తీయడానికి. ఇవన్నీ ఖర్చు అనే కాంట్రాక్టరుకు పని ఇవ్వకండి.

ఎండాకాలంలోనూ మట్టం తగ్గట్లేదు, పైన సన్నగా నురగ

చుట్టుపక్కల బావులన్నీ దిగిపోతుంటే మీ పార్కు బావి ఒక్కటే నిండుగా ఉందా, మురిసిపోకండి. దగ్గర్లో యూజీడీ, అంటే భూమి కింది మురుగు పైపు కారుతోందేమో ముందు చూడాలి. ల్యాబులో నైట్రేటు, అమ్మోనియా, ఈ-కోలి (మలంలో ఉండే క్రిమి) పరీక్షలు అడగండి. భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలి అసలు కనపడకూడదు. మందుల షాపు సీసా అంతుండే హెచ్2ఎస్ పరీక్ష బాటిల్‌తో ఇంట్లోనే ఓ అంచనాకు రావొచ్చు, నీళ్లు నింపి ఒకటి రెండు రోజులుంచాక నల్లబడితే మలం కలిసినట్టు. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే బావి నీళ్లు మాత్రం అందులో పోయగానే నల్లబడతాయి, కాబట్టి ముందు పూడిక, తర్వాత పరీక్ష.

కారుతున్నట్టు తేలితే పైపు మరమ్మతు జలమండలి పని. పార్కు కార్పొరేషన్‌ది, మీటరు కరెంటు సంస్థ బెస్కాంది, ముగ్గురికీ ఒకే రోజు ల్యాబు రిపోర్టు జత చేసి అర్జీ ఇవ్వండి, లేకపోతే ఒకరు ఇంకొకరి వైపు వేలు చూపిస్తారు. లీకు ఆగేదాకా ఎంత బ్లీచింగ్ వేసినా దండగ, క్లోరిన్‌తో క్రిములు చస్తాయి కానీ నైట్రేటు ఎక్కడికీ పోదు.

లీకు లేని బావికి బ్లీచింగ్ లెక్క ఇది. మంచి పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. పదడుగుల వ్యాసం, పదడుగుల నీళ్లుంటే 22,000 లీటర్లు, అంటే 55 గ్రాములు. నీళ్లు మురికిగా ఉంటే ఇంకొంచెం పడుతుంది. పౌడరును తెచ్చి నేరుగా బావిలో కుమ్మరించేవాళ్లే ఎక్కువ, అలా చేయకండి. బకెట్లో ముద్దగా కలిపి, ముప్పావు వంతు నీళ్లు పోసి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కు దిగుతుంది. పై తేట మాత్రం ఇంకో బకెట్లోకి వంచి, దాన్ని తాడుతో నీళ్లలోకి దించి పైకీ కిందకీ ఆడించాలి. గంట ఆగాక క్లోరిన్ కిట్‌తో చూస్తే లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య మిగిలి ఉండాలి. మూత తీసి ఏడాదిగా మూలన పడున్న పౌడరులో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది, అది ముగ్గుకు పనికొస్తుంది.

ఇంతా చేసి ఆ నీళ్లు తాగాల్సిందేనా అంటే, అక్కర్లేదు. మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్క కడతారు, అందులో తాగడానికీ వంటకూ కలిపి పది లీటర్లే. మిగతాదంతా స్నానం, బట్టలు, గిన్నెలు, ఫ్లష్. అది బావి మోస్తే ట్యాంకరు నీళ్లు వంటింటికి మిగులుతాయి. కుళాయి మీద "తాగడానికి కాదు" అని కన్నడంలో, తెలుగులో, తమిళంలో, హిందీలో రాయించండి. ఇంగ్లీషు బోర్డు ఒక్కటే పెడితే పని మనుషులకు అర్థం కాదు, నీళ్ల కోసం వచ్చేది ఎక్కువగా వాళ్లే.

వాన పడగానే ఎర్ర నీళ్లు

రోడ్డు నీళ్లో నడకదారి నీళ్లో నేరుగా బావిలోకి దిగుతున్నాయి. మూడడుగుల పిట్టగోడ, చుట్టూ బయటికి వాలుగా చప్టా ఉండాలి. వాననీళ్లు బావిలోకి పంపాలనే సరదా ఉంటే కప్పు మీద పడినవి మాత్రమే, అదీ తొలి వాన వదిలేసి, కంకర ఇసుక గుంట దాటించి. పార్కులో పడే మిగతా వాననీళ్ల కోసం ఈ బావికి దూరంగా వేరే ఇంకుడు బావి తవ్వించుకోవచ్చు.

స్విచ్ వేస్తే ట్రిప్

నీళ్లలో కేబుల్ అతుకు ఉంటే అదే మొదటి అనుమానం. బావిలోకి దిగే కేబుల్‌కు అతుకు ఉండకూడదు. ట్రిప్ అవుతోందని ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) తీసేసి నేరుగా కలిపే ఎలక్ట్రీషియన్‌ను పార్కు గేటు దాటనివ్వకండి, పిల్లలు తిరిగే చోటు. కరెంటు లేని రోజు కోసం జనరేటరు కలిపే ఛేంజోవర్ స్విచ్ పెట్టించండి, బావి మీద స్లాబు ఉంటే దాని మీదే చేతిపంపు ఒకటి బిగించండి. నిమిషానికో బిందె వచ్చినా చాలు, వరద వచ్చి కరెంటు పోయిన రోజున పనికొచ్చేది అదొక్కటే.

అన్నీ బాగున్నాయి, అవసరం వచ్చిన రోజు నడవలేదు

ఆరు నెలలు తిప్పని మోటారు జామ్ అవుతుంది, కెపాసిటరు పోతుంది, వాల్వు పట్టేస్తుంది. వారానికోసారి ఓ అరగంట నడిపి ఆ నీళ్లు పార్కు మొక్కలకే పట్టండి. బావికీ మంచిది, కదలని నీళ్లకే వాసన పడుతుంది. ప్రతిసారీ నీటి మట్టం, తేదీ రాసిపెట్టండి. పంపు గదికి తాళంచెవులు మూడు చేయించి మాలీ దగ్గర ఒకటి, వాచ్‌మన్ దగ్గర ఒకటి, పార్కు గోడకు ఆనుకుని ఉండే ఏదో ఒక ఇంట్లో మూడోది ఉంచండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో గది తలుపు మీదే పెయింటుతో రాయించండి, కాగితం అంటిస్తే మొదటి వానకే పోతుంది.