ప్రోస్టేట్ రేడియేషన్‌కు ముందే మూత్రం లెక్క రాసిపెట్టుకోండి

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ ఖాయం కాగానే చాలామందికి పట్టుకునే టెన్షన్ మూత్రం గురించే. ఎవరికి ఎంత ఇబ్బంది వస్తుందో కచ్చితంగా చెప్పే పరీక్ష లేదు. కానీ ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలో ముందే పోల్చుకోవచ్చు. అందుకు బాగా పనికొచ్చే ఆధారం మన దగ్గరే ఉంది: ఈ రోజు మూత్రం ఎలా వస్తోందన్నది. ఇప్పటికే ధార సన్నబడి, రాత్రి మూడు నాలుగు సార్లు లేస్తున్నవారికి రేడియేషన్ మొదలయ్యాక ఇబ్బంది పెరిగే అవకాశం ఎక్కువ. మూత్రనాళం ప్రోస్టేట్ మధ్య నుంచే వెళ్తుంది. మూత్రాశయాన్ని కిరణాల దారి నుంచి కొంత తప్పించొచ్చు గానీ ఆ నాళాన్ని పూర్తిగా తప్పించడం కుదరదు.

డాక్టర్లు ఐపీఎస్‌ఎస్ అనే ఫారం ఇస్తారు. గత నెల రోజుల గురించి 7 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తం 35. 7 వరకు వస్తే తక్కువ ఇబ్బంది, 8 నుంచి 19 మధ్యస్థం, 20 లేదా అంతకు మించితే తీవ్రం. పరువు కోసం ఇక్కడ మార్కులు తగ్గించి వేసేవాళ్లే ఎక్కువ! రాత్రి ఎన్నిసార్లు లేచారో మీకంటే మీ ఆవిడకే బాగా గుర్తుంటుంది, ఆమెను అడిగి నింపండి. ఫారంతో ఆగకుండా ఎప్పుడు వెళ్లారు, ఎంత పోశారు, ఏం తాగారు అన్నది మూడు రోజులు కొలిచి రాయండి. చికిత్స మధ్యలో "ఇది ముందు నుంచీ ఉందా, కొత్తగా వచ్చిందా" అని డాక్టర్ అడిగినప్పుడు ఆ కాగితమే జవాబు.

ధార వేగం చూసే యూరోఫ్లో, పోశాక లోపల ఎంత మిగిలిందో చూసే స్కాన్ చేయించుకోవాలా అని అడగండి. ప్రోస్టేట్ బాగా పెద్దదైతే, ముఖ్యంగా లోపల రేడియోధార్మిక గింజలు అమర్చే పద్ధతి అనుకుంటుంటే, మూత్రం ఆగిపోయే ముప్పు పెరుగుతుంది. హార్మోన్ మందులతో గ్రంథి కొంత కుంచించుకుపోతుంది. గతంలో ప్రోస్టేట్ గీకించుకున్న ఆపరేషన్, మధుమేహం, రక్తం పలచబడే మందులు, సిగరెట్ అలవాటు, ఇవేవీ దాచొద్దు. ఆపరేషన్ ఈ మధ్యే అయ్యుంటే గాయం మానడానికి రేడియేషన్ కొంతకాలం వాయిదా వేస్తారు.

ఇక సిట్టింగ్‌ల రోజుల్లో. చాలా చోట్ల ముందు మూత్రం పోసేసి, చెప్పినన్ని నీళ్లు తాగి, చెప్పినంతసేపు ఆగమంటారు. నిండిన మూత్రాశయంలో ఎక్కువ భాగం పైకి జరిగి కిరణాలకు దూరమవుతుంది. ప్లానింగ్ స్కాన్ రోజు ఎంత నిండిందో రోజూ దాదాపు అంతే ఉండాలి. అందుకే ఇంటి దగ్గర నాలుగు రోజులు సాధన చేయండి. ఆపుకోలేకపోతే ముందే చెప్పండి, మొహమాటపడి బల్ల మీద అవస్థపడొద్దు.

20 సిట్టింగ్‌ల పద్ధతిలో మంట, తొందర సాధారణంగా రెండు మూడు వారాలకు మొదలవుతాయి. చివర్లో, అయిపోయిన వారం రెండు వారాల్లో ఎక్కువవుతాయి. చాలామందికి మూడు నెలల్లోపు తగ్గుముఖం పడతాయి. 5 సిట్టింగ్‌ల వారికి అన్నీ ముగిశాక మొదలైనా కంగారుపడక్కర్లేదు. మంట భయంతో నీళ్లు మానేయకండి, మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. కాఫీ, టీ, మద్యం తగ్గించండి. జలుబుకు సొంతంగా మాత్ర వేసుకోవద్దు. ముక్కు దిబ్బడ తగ్గించే కొన్ని మందులు మూత్రం దారిని బిగించేస్తాయి. ధార సాఫీగా రావడానికి డాక్టర్ టామ్సులోసిన్ రాస్తే, లేచేటప్పుడు కళ్లు తిరగొచ్చు. రాత్రి బాత్‌రూమ్‌కు మెల్లగా లేవండి.

మూత్రం అసలు రాకుండా పొట్ట కింద బిగిసినా, రక్తం గడ్డలు పడినా, చలి జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఏడాది, రెండేళ్లు, ఇంకా ఆలస్యంగా కూడా ధార సన్నబడటం, రక్తం కనబడటం జరగొచ్చు. రక్తం ఒక్కసారి కనబడి ఆగిపోయినా "రేడియేషన్ వల్లే లే" అని మీరే తేల్చేసుకోకండి. మూత్రాశయంలో వేరే జబ్బేదైనా ఉందేమో చూపించుకోవాలి. వెళ్లేటప్పుడు ఆ మొదటి రోజుల కాగితం జేబులో పెట్టుకోండి.